పది మీటర్ల సమానత్వం

మా ఆవిడకి చెవులు వినపడవు. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా నాదవనం నివాసుల సొసైటీ వారికి ఇది ఆఖరిదాకా బుర్రకెక్కలేదు.

ఆవిడ పేరు అమృతవల్లి. కాకినాడలో ఎందరో పిల్లలకి వీణ నేర్పింది. తర్వాత ఏదో జ్వరం వచ్చి చెవి నరాలు దెబ్బతిన్నాయి. నాది మందుల షాపు కాబట్టి డాక్టర్లందరూ తెలిసినవాళ్ళే. తెలిసినవాళ్ళు కాబట్టి మొహమాటం లేకుండా, ఇంక తిరిగి రాదని చెప్పేశారు. వల్లి వీణకి గలీబు తొడిగి మూల నిలబెట్టింది. పెదాలు చూసి మాటలు గ్రహించడం నేర్చుకుంది గానీ, సంగీతం ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

అలాంటిది ఒక పెళ్ళిలో, భోజనాల పందిట్లో పెట్టిన పెద్ద స్పీకరు పెట్టెకి యథాలాపంగా చెయ్యి ఆనించింది. ఆనించిన చెయ్యి తియ్యదు! మా బంతి లేచిపోయింది, రెండో బంతి కూర్చుంది, ఆవిడ అక్కడే ఉంది. దగ్గరికి వెళ్తే నా వైపు తిరిగి, "మృదంగం తెలుస్తోందండీ. ఎడమ మూత, ఆ తొప్పి మీద దెబ్బ తిన్నగా అరచేతిలోకి వస్తోంది" అంది. ఆ మొహం చూసి చాలా కాలమైంది నాకు.

వెంటనే సబ్‌వూఫరు కొన్నాను. అంటే సినిమాలో బాంబు పడితే మన కిటికీ అద్దాలు గజగజలాడేలా చేసే నల్లటి పెట్టె. మాటలూ సన్నటి గొంతులూ దానికి పట్టవు, లావు శబ్దాలే దాని ఆహారం. ఆంప్లిఫయరు నుంచి దానికి ఒక తీగ వెళ్ళాలి. "రెండు మీటర్లది చాలండి. మధ్య తీగ చుట్టూ జాలీ తొడుగు ఉంటది చూడండి, అదివ్వమంటారా? కరెంటు వైరు పక్కన మాత్రం పడుకోబెట్టకండి, పెట్టె మూలుగుద్ది" అన్నాడు షాపాయన. కేబుల్ శాస్త్రం అక్కడితో అయిపోయింది. సోఫా పక్కన పెట్టె పెట్టాను. సాయంత్రం షాపు నుంచి వచ్చి కచేరీ రికార్డు వేస్తే, వల్లి కుడి అరచెయ్యి పెట్టెమీద పెట్టి, ఎడమచేత్తో తొడమీద తాళం వేసేది. మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనంలో, ముగింపు ముక్తాయింపు వస్తోందని నాకంటే ముందే పసిగట్టి నవ్వేది. ఆ ఇంట్లో నాకింక ఏ లోటూ లేదు.

ఈ సుఖం చూసి ఓర్వలేనివాళ్ళు ఎవరయ్యా అంటే, మా కమిటీవాళ్ళు.

ఆ రోజుల్లో మా నాదవనంలో హోం థియేటర్ల జబ్బు బాగా ముదిరింది. ఇంట్లో కందిపప్పు ఉందో లేదో తెలియనివాడు కూడా సబ్‌వూఫరు ఎన్ని అంగుళాలో చెప్పగలిగేవాడు. బి బ్లాకులో ఒకాయన హాల్లో ఆంప్లిఫయరు, ఆ చివర పడగ్గదిలో సబ్‌వూఫరు పెట్టుకుని, మధ్య పద్దెనిమిది మీటర్ల తొడుగులేని తీగని ఏసీ వైరుకి జత కట్టి లాగించాడు. పెట్టె రాత్రింబవళ్ళు జుమ్ముమని మూలుగుతోంది. మనిషన్నవాడైతే తీగని జానెడు పక్కకి జరుపుతాడు. ఈయన సర్వసభ్య సమావేశంలో ఫిర్యాదు పెట్టాడు.

మా అధ్యక్షులు దువ్వూరి గంగాధరరావుగారు నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా రిటైరయ్యారు. గోదావరి డెల్టా కాలువలన్నీ ఆయన నాలిక చివర ఉంటాయి. కాలువలు కానివి కూడా ఈ లోకంలో కొన్ని ఉంటాయని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఫిర్యాదంతా కళ్ళు మూసుకుని విని, లేచి నిలబడ్డారు.

"ఈ మూలుగుని హమ్ అంటారు. కానీ ఇది హమ్ సమస్య కాదు. టెయిల్ ఎండ్ సమస్య. నా సర్వీసంతా ఇదే చూశాను. కాలువ తల దగ్గరున్న రైతుకి మోకాటిలోతు నీళ్ళు, చివరి ఆయకట్టు రైతుకి బురద. మన సొసైటీలో ఒకాయన రెండు మీటర్ల తీగ పెట్టుకుని కులాసాగా కచేరీలు వింటున్నాడు. ఇంకొకాయన పద్దెనిమిది మీటర్ల చివర మూలుగు భరిస్తున్నాడు. ఇదేనా న్యాయం?"

రెండు మీటర్లనగానే అందరూ నావైపు చూశారు. నేను ఎగువ రైతునని నాకు అప్పుడే తెలిసింది.

"అయ్యా, ఆయన ఆ తీగని ఏసీ వైరు పక్కనుంచి తీసేస్తే సరిపోతుందండీ" అన్నాను లేచి.

"దక్షిణామూర్తిగారూ, తల దగ్గరవాళ్ళు ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారు" అన్నారు ఆయన జాలిగా. చప్పట్లు మోగాయి.

కార్యదర్శి హైమవతిగారు ట్రెజరీలో చేసి రిటైరయ్యారు. మంచినీళ్ళు అడిగినా తీర్మానంలాగే అడుగుతారు. అక్కడికక్కడే చదివారు: "నాదవనం నివాస సముదాయమునందలి సమస్త సబ్‌వూఫర్లకు అనుసంధానింపబడు తీగల నిడివి ఏకరీతిగా పది మీటర్లు ఉండవలెననియు, అంతకు తక్కువైననూ ఎక్కువైననూ అతిక్రమణగా పరిగణింపబడుననియు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

"పదే ఎందుకండీ?" అని ఎవరో అడిగారు. రెండుకీ పద్దెనిమిదికీ సగటు పది. ఇంత లెక్క వచ్చిన కమిటీ మన అదృష్టమని అందరూ అనుకున్నారు. నేను చెయ్యి ఎత్తలేదని గుర్తుచేస్తే, చెయ్యెత్తని వారి సమ్మతి మౌనముద్వారా స్వీకరించబడినదని హైమవతిగారు ఇంకో వాక్యం చేర్చారు.

ఏ తీగ కొనాలో చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించారు. పిలకజుట్టు, చల్లని చూపు. నల్లతాచంత లావు తీగని పట్టుగుడ్డలోంచి తీసి, "సార్, దీనికి డైరెక్షన్ ఉంటుంది. ఈ బాణం గుర్తు ఎటుంటే సౌండు అటే ఫ్లో అవుతుంది" అన్నాడు. ఫ్లో అన్న మాట వినగానే గంగాధరరావుగారు కరిగిపోయారు. కొత్త తీగకి శబ్దాన్ని కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలట, మొదటివారం విషాద గీతాలు వెయ్యకూడదట. నా షాపులో గడువు దాటిన మాత్ర ఒక్కటి అమ్మితే లైసెన్సు ఊడుతుంది. ఈ మాటలకి లైసెన్సూ లేదు, గడువూ లేదు. అందరికీ ఆ తీగే ఇచ్చారు.

మా హాలు పొడవు ఐదు మీటర్లు దాటదు. పది మీటర్ల తీగని ఏం చేసుకోవాలి? అందరిలాగే నేనూ చుట్ట చుట్టి సోఫా వెనక పడేశాను. మర్నాడే తనిఖీ. అధ్యక్షులవారు సోఫా వెనక్కి వంగి, పాముని చూసినట్టు వెనక్కి గెంతారు.

"సుడిగుండం! ప్రవాహాన్ని ఇలా తిప్పితే ఎంత నష్టం! వంపు ఉన్నచోటల్లా పూడిక పడుతుంది."

"తీగలో పూడికేమిటండీ?"

"మీకు కనిపించదు. డెల్టాలో రైతులకీ కనిపించేది కాదు."

ఆ సాయంత్రమే సవరణ వచ్చింది. తీగ చుట్టరాదు, మడవరాదు, వంచరాదు. తిన్నగా పది మీటర్లు పోవాలి. మా ఎలక్ట్రీషియన్ అప్పన్న తీగ పట్టుకుని హాలు చివరిదాకా వెళ్ళి ఆగిపోయాడు.

"గోడ అడ్డొత్తందండి" అన్నాడు.

"కాలువకి కొండ అడ్డొస్తే ఏం చేస్తామయ్యా? సొరంగం తవ్వుతాం" అన్నారు గంగాధరరావుగారు.

"ఆయ్" అని అప్పన్న గోడకి కన్నం పెట్టాడు.

అలా ప్రతి ఇంటి సబ్‌వూఫరూ పక్కింటికి చేరింది. మా 403లోని పెట్టె గోడ దాటి 404లో, రొయ్యల మేత వ్యాపారం చేసే విస్సంరాజుగారి పడగ్గదిలో మంచం పక్కకి వెళ్ళింది. 402లో ఉండే బ్యాంకు మేనేజరుగారి పెట్టె మా హాల్లోకి వచ్చి, సరిగ్గా మా పెట్టె ఉన్న చోటే కూర్చుంది. విస్సంరాజుగారిది చివరి ఫ్లాటు. ఆయన తీగ బాల్కనీ దాటి గాల్లోకి పోయింది. ఇనుప చట్రం బిగించి, మురిక్కాలవ మీద ఆయన పెట్టెని వేలాడదీసి, వాన తగలకుండా ప్లాస్టిక్ పట్టా కప్పారు.

"నా సినిమాలో ఫైటింగు దెబ్బలన్నీ మురిక్కాలవకే పోతన్నాయండి. కాకులు తప్ప ఎవరూ ఇనట్లేదు" అన్నాడాయన.

"ఏ కాలువైనా చివరికి సముద్రంలో కలవాల్సిందే రాజుగారూ" అని ఓదార్చారు అధ్యక్షులు.

ఈ తీగలన్నీ ఏ దారిన వెళ్ళాయో కూడా చెప్పాలి. కరెంటు వైర్ల పక్కనే, వాటితో కలిపి కట్టి. ఎందుకలాగంటే, "కాలువ గట్టు మీదే కదా రోడ్డు వేస్తాం" అన్నారు అధ్యక్షులు.

ఆ సాయంత్రం నేను రికార్డు వేశాను. అలవాటు చొప్పున వల్లి సోఫా పక్కన కూర్చుని పెట్టెమీద చెయ్యి పెట్టింది. పాట మా ఇంట్లో వస్తోంది, దాని మృదంగం మాత్రం రాజుగారి మంచం పక్కన మోగుతోంది. ఆవిడ చేతికింద ఉన్నది మేనేజరుగారి పెట్టె. ఆయన బ్యాంకు నుంచి వచ్చి కంప్యూటర్లో తుపాకుల ఆట ఆడుకుంటున్నాడు.

వల్లి కనుబొమలు ముడిచింది. ఎడమచేత్తో తాళం మొదలుపెట్టి ఆపింది. మళ్ళీ మొదలుపెట్టింది. "ఎవరండీ మృదంగం? లయ నిలవడం లేదు" అంది. నేను చెప్పాను. పెదాలు సరిగ్గా చదివానో లేదో అన్నట్టు ఇంకోసారి చెప్పించుకుని, చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నాళ్ళకి ఏదో దొరికిందనుకుంటే అదీ లాగేసుకున్నారు. నాకు నిద్ర పట్టలేదు.

మినహాయింపు కోసం సొసైటీ ఆఫీసుకి వెళ్ళాను.

"తమ శ్రీమతిగారు శ్రవణశక్తి లేనివారు కదా, శబ్ద సౌకర్యమునకు వారు లబ్ధిదారులు ఎట్లగుదురు?" అన్నారు హైమవతిగారు.

"చేత్తో వింటుందండీ."

ఆవిడ అధ్యక్షులవైపు చూశారు. అధ్యక్షులు పంకావైపు చూశారు. "చేతికి సంబంధించి మార్గదర్శకాలు లేవు" అన్నారు హైమవతిగారు చివరికి. "చేత్తో విందురని ఒక అర్జీ వ్రాసి ఇచ్చినచో దాఖలు చేయబడును."

రాసిచ్చాను. గంగాధరరావుగారు నా భుజంమీద చెయ్యేశారు. "చూడండి మూర్తిగారూ, కాలువ నీళ్ళు ఆయకట్టుకే. మీ ఆవిడ విషయం ఏమిటంటే, అది మెరక. మెరక భూమికి నీళ్ళు పెట్టమంటే ఏ ఇంజనీరు మాత్రం పెడతాడు?"

"మెరక కాదండీ, మా ఆవిడ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపి, బాణం గుర్తున్న దిక్కుకే విసిరెయ్యాలనిపించింది.

"వ్యక్తిగతంగా తీసుకోకండి" అన్నారాయన.

ఈ సంగతి తెలిసి విస్సంరాజుగారు మా గుమ్మంలోకి వచ్చారు. "దీనికింత ఆలోచనేంటండి? పెట్టె మీది, గది మాది. అక్కగారు సాయంత్రం మా ఇంటికొచ్చి కూకుంటే మాకేవన్నా బరువా?" అన్నారు. రాజుగారి భార్య మంచం పక్కన చాప పరిచి, దిండు వేసి, కాఫీ ఇచ్చింది. నేను ఇవతల మా హాల్లో రికార్డు వేసేవాణ్ణి. వల్లి అవతల చేత్తో పట్టుకునేది. నాకు మృదంగం లేని పాట, ఆవిడకి పాట లేని మృదంగం. ముక్తాయింపు అయ్యాక ఆవిడ దాన్నే వేళ్ళతో గోడమీద తిరిగి వాయించేది. ఒక్క దెబ్బ తప్పేది కాదు. నేను ఇటునుంచి గోడకి చెవి ఆనించి వినేవాణ్ణి. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ కొద్దిరోజులూ నేను కమిటీని క్షమించేశాను.

కమిటీ మమ్మల్ని క్షమించలేదు. హైమవతిగారు 404కి స్వయంగా వచ్చారు, వెనక అధ్యక్షులు.

"సదరు ఫ్లాటునందు అన్యుల చేత ధ్వని వినియోగము జరుగుచున్నట్లు కమిటీ దృష్టికి వచ్చినది."

"కాలువలో దొంగ మోటారు వేసి నీళ్ళు తోడుకోవడమే ఇది" అని అర్థం చెప్పారు అధ్యక్షులు.

రాజుగారికి కోపమొచ్చింది. "మా ఇంటికి ఎవురు రావాలో కూడా మీరే సెప్తారేంటండి?"

"ఇంటికి రావచ్చును. చెయ్యి ఆనించరాదు" అన్నారు హైమవతిగారు.

వల్లి ఆవిడ పెదాలనే చూస్తోంది. ఆ ఆఖరి ముక్క అర్థమైనట్టుంది, చెయ్యి తీసేసి లేచి నిలబడింది. వాళ్ళకి నమస్కారం కూడా పెట్టింది. ఆ నమస్కారం తీసుకోవడానికి ఆ ఇద్దరికీ మొహాలెలా చెల్లాయో నాకిప్పటికీ తెలియదు.

ఇంతలో అసలు ముచ్చట బయటపడింది. కరెంటు వైర్లతో కలిపి కట్టారు కదా, ఎండలు ముదిరి ఏసీలన్నీ మొదలయ్యేసరికి సముదాయంలో ఉన్న ప్రతి పెట్టే జుమ్ముమని మూలగడం మొదలుపెట్టింది. నిపుణుడి పట్టుతీగలు కూడా ఏం చెయ్యలేకపోయాయి. వెనకటికి ఒక్కరింట్లో ఉన్న రోగం ఇప్పుడు అందరిళ్ళకీ పాకింది. సర్వసభ్య సమావేశంలో కేకలు, అరుపులు. గంగాధరరావుగారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"మిత్రులారా, తొలి విజయం సాధించాం. ఈ రోజు నాదవనంలో హమ్ అందరికీ సమానంగా అందుతోంది. తల లేదు, చివర లేదు. ఇక రెండో దశ, నియంత్రణ."

బి బ్లాకాయన లేచి కళ్ళు తుడుచుకున్నాడు. తన బాధ ఇన్నాళ్ళకి అందరికీ అర్థమైందన్నాడు.

రెండో దశ అంటే లాకులు. ప్రతి తీగకీ ఒక స్విచ్చి పెట్టారు. అది కట్టేస్తే తీగా ఆగిపోతుంది, పెట్టెకి వచ్చే కరెంటూ ఆగిపోతుంది. దానికి షట్టరు అని పేరు పెట్టారు. మొదట బ్లాకుల వంతున తెరుస్తామన్నారు. తెరిచిన బ్లాకులో మూలుగు, మూసిన బ్లాకులో నిశ్శబ్దం. కాబట్టి లోపం తెరవడంలోనే ఉందని నిర్ధారించారు. మరమ్మతుల కోసం వేసవిలో డెల్టా కాలువలు కట్టేసినట్టు, అన్ని షట్టర్లూ దించి సీలు వేశారు. కాలువలు ఎప్పుడు వదులుతారని అడిగితే, పరిస్థితిని బట్టి అన్నారు. నాదవనంలో సబ్‌వూఫర్లన్నీ మూగబోయాయి.

తర్వాత ఒక రోజు హైమవతిగారు మా షాపుకే వచ్చారు. నేను ఎప్పుడూ చూడని మర్యాద.

"తమరి అర్జీ పునఃపరిశీలించడమైనది. రేపు సాయంత్రము 404 యందు శ్రీమతి అమృతవల్లిగారు పెట్టెపై చెయ్యి ఆనించుటకు అనుమతి మంజూరు చేయబడినది. కమిటీ సభ్యులు హాజరగుదురు."

నేను షాపు మూసేసి ఇంటికి పరిగెత్తాను. వల్లికి రెండుసార్లు చెప్పాను, నెమ్మదిగా, పెదాలు కనిపించేలా. ఆవిడ లేచి మూలకి వెళ్ళింది. వీణ గలీబు తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ తొడిగింది. మర్నాడు మధ్యాహ్నమే తలంటుకుంది. బీరువాలోంచి గద్వాల చీర తీసి కట్టుకుంది, చేమంతులు పెట్టుకుంది. కచేరీకి వెళ్తున్నట్టే తయారైంది. ఏ రికార్డు వెయ్యాలో కూడా తనే చెప్పింది. తని ఆవర్తనం బాగా పొడుగ్గా ఉన్నది అడిగింది.

రాజుగారి పడగ్గది నిండా జనం. అధ్యక్షులు, హైమవతిగారు, బి బ్లాకాయన, ఫోటోలు తీసేవాళ్ళు. వల్లి చాపమీద కూర్చుంది. నేను మా ఇంటికి వెళ్ళి రికార్డు పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి వచ్చాను. గోడ అవతల గొంతు సన్నగా వినిపిస్తోంది. వల్లి అరచెయ్యి పెట్టెమీద పెట్టి నావైపు చూసింది. వేశానని తల ఊపాను.

అప్పుడు నా చూపు గోడమీద ఉన్న స్విచ్చిమీద పడింది. సీలు వేసినట్టే ఉంది.

"షట్టరు ఎత్తలేదేమండీ?" అన్నాను.

"ఎత్తితే హమ్ వస్తుంది కదండీ!" అన్నారు గంగాధరరావుగారు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. తర్వాత వంగి, వల్లికి తన పెదాలు కనిపించేలా నిలబడి, ఒక్కొక్క మాటే అన్నారు. "అమ్మా, ఏమైనా... తెలుస్తోందా?"

వల్లి అరచెయ్యి కొంచెం జరిపింది. పెట్టె అంచు దగ్గర పెట్టి చూసింది. మధ్యలో పెట్టి చూసింది. వేళ్ళు విడదీసి నొక్కింది.

"ఏమీ తెలియడం లేదండీ" అంది.

గంగాధరరావుగారు నిటారుగా లేచి నిలబడ్డారు. "విన్నారా! చెవులున్న మనం పొరబడవచ్చు. కానీ చేత్తో వింటారని లిఖితపూర్వకంగా దాఖలైన వ్యక్తి ఈమె. ఈమెకే తెలియలేదంటే హమ్ ఇక లేనట్టే! నాదవనం నేటినుంచి హమ్ రహిత సముదాయం!"

"సదరు శ్రీమతి అమృతవల్లిగారిని ఈ పథకమునకు ప్రథమ లబ్ధిదారుగా గుర్తించడమైనది" అన్నారు హైమవతిగారు.

"మీకసలు..." అని మొదలుపెట్టాను నేను. ఆ తర్వాత నేనన్న మాటలు మందుల షాపువాడు అనవలసినవి కావు. ఎవరికీ వినపడలేదు కూడా, ఎందుకంటే గదిలో అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. విస్సంరాజుగారు ఒక్కరే తల వంచుకుని నిలబడ్డారు.

వల్లి చప్పట్లు కొడుతున్న చేతుల్ని చూసింది. ఒక్కొక్కళ్ళ మొహమే చూసింది, అందరూ నవ్వుతున్నారు. కచేరీ ఇప్పుడు మొదలవుతోందని అనుకున్నట్టుంది. ఆవిడ కూడా నవ్వి, పైటకొంగు సర్దుకుని, రెండో అరచెయ్యి కూడా పెట్టెమీద ఆనించి కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే మరి, ఆవిడకి నేనింకేమీ చెప్పలేను.